హోటల్ కారిడార్‌లో చెక్క పానెలింగ్ ఎందుకు వద్దంటారు?

[తెర మీద: హోటల్ లాబీ త్రీడీ బొమ్మ]

ఇంటీరియర్ డిజైనర్ ఇచ్చే త్రీడీ బొమ్మను ఎప్పుడైనా పరకాయించి చూశారా? షాండ్లియర్ ఉంటుంది, మార్బుల్ మెరుస్తుంటుంది, మూలన పూలకుండీ కూడా ఉంటుంది. మంట వేడికి సీలింగ్‌లోంచి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ మాత్రం ఉండదు. పచ్చటి ఎగ్జిట్ బోర్డూ ఉండదు. యజమాని మనసు పడేది ఆ బొమ్మ మీదే. తర్వాత ఫైర్ వాళ్లు వచ్చి "ఇవి పెట్టాల్సిందే" అనగానే లుక్ పాడైపోతుందని గొడవ. నన్నడిగితే ఇందులో సగం గొడవ అనవసరం. రూల్స్ గట్టిగా పట్టుకునేది ముఖ్యంగా రెండు చోట్లే: కారిడార్, మెట్లు.

[తెర మీద: అట్లాంటా, 1946]

అమెరికాలోని అట్లాంటాలో వైన్‌కాఫ్ అని 15 అంతస్తుల హోటల్ ఉండేది. నిప్పుకు లొంగని భవనమని గొప్పగా ప్రచారం చేసుకునేవారు. 1946 డిసెంబర్ 7 తెల్లవారుజామున మంటలు లేచి 119 మంది చనిపోయారు. భవనం మాత్రం కూలలేదు. ఇప్పటికీ అక్కడే ఉంది, వేరే పేరుతో హోటల్‌గానే నడుస్తోంది. మంటకు మేతయింది లోపలి సింగారం. కారిడార్ గోడలకు గోనెలాంటి గుడ్డ అంటించి రంగేశారు, కింద కార్పెట్ పరిచారు. దిగడానికి ఒక్కటే మెట్లదారి. స్ప్రింక్లర్లు లేవు.

[తెర మీద: ఢిల్లీ, 2019]

అది పాత కథ అనుకుంటే, కరోల్‌బాగ్ చూడండి. 2019 ఫిబ్రవరి 12న అర్పిత్ ప్యాలెస్ హోటల్లో 17 మంది పోయారు. ఆ హోటల్‌కి ఫైర్ ఎన్‌వోసీ, అంటే ఫైర్ శాఖ ఇచ్చే అనుమతి పత్రం ఉంది! కారిడార్ల గోడలకు చెక్క పానెలింగ్ కూడా ఉంది. ఆ తర్వాతే ఢిల్లీ ప్రభుత్వం గెస్ట్‌హౌస్‌ల కారిడార్లలో, మెట్ల దగ్గర చెక్క, ఫోమ్, కార్పెట్ లాంటివి వద్దంది.

భవనాలు ఎలా కట్టాలో చెప్పే మన నేషనల్ బిల్డింగ్ కోడ్ మాత్రం గదికీ కారిడార్‌కీ మధ్య ఈ తేడా ముందు నుంచే చెబుతోంది. గోడకు అంటించే సామాను మీద మంట ఎంత వేగంగా పాకుతుందో చూసి నాలుగు తరగతులుగా విడగొట్టింది. అన్నిటికన్నా నెమ్మదిగా పాకే 1వ తరగతిని ఎక్కడైనా వాడుకోవచ్చు. కొంచెం వేగంగా పాకే 3వ తరగతి బెడ్‌రూమ్ గోడకు ఫర్వాలేదు, మెట్లకీ కారిడార్‌కీ పనికిరాదు. అంటే డిజైనర్‌కి అందులోనే దారి దొరికింది. కలంకారీ గుడ్డ మీద మోజుంటే గదిలో, మంచం తలవైపు గోడకు పెట్టండి. కారిడార్‌లో తాండూరు రాయి, బేతంచర్ల రాయి, సున్నపు గార, టైల్స్, మంచి లైటింగ్. రాయి కాలదు, చూడ్డానికీ బాగుంటుంది. చెక్కే కావాలంటే సప్లయర్‌ని మంట పరీక్ష రిపోర్టు అడగండి. "ఎఫ్ఆర్ ప్లై (మంటను ఆలస్యం చేసే ప్లైవుడ్) సార్, ఏం కాదు" అన్న నోటిమాట రిపోర్టు కిందికి రాదు.

అద్దాల సంగతీ చెప్పాలి. ఇరుకు కారిడార్ పెద్దగా కనిపించాలని చివర నిలువెత్తు అద్దం బిగిస్తారు. బయటికెళ్లే దారిలోనూ, ఆ తలుపుల మీదా అద్దాలు వద్దంటుంది కోడ్. పొగలో పరుగెత్తేవాడు అద్దంలో కనిపించేదే దారనుకుంటాడు. ఎగ్జిట్ తలుపును కర్టెన్‌తో కప్పడమూ అంతే.

[తెర మీద: మెట్ల తలుపు, కింద చెక్క ముక్క]

ఇక తలుపులు. మెట్ల దగ్గరి ఫైర్ డోర్ బరువుగా ఉంటుంది, దానంతటదే మూసుకుంటుంది. లగేజీ ట్రాలీతో వచ్చే కుర్రాడికి అది చికాకు, అందుకే కింద చెక్క ముక్క దోపుతాడు. అలా తెరిచి ఉంచితే మెట్లదారి పొగగొట్టమైపోతుంది. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో రేగిన మంటల పొగ మెట్లదారిలోంచే పైనున్న లాడ్జిలోకి ఎగబాకింది. 8 మంది చనిపోయారు. కుర్రాడి చికాకుకీ మందుంది: కరెంటుతో పనిచేసే అయస్కాంతం. తలుపు రోజంతా గోడకు అతుక్కుని తెరిచే ఉంటుంది. అలారం మోగగానే కరెంటు తెగి దానంతటదే మూసుకుంటుంది. డిజైనర్‌కి కావాల్సిన విశాలమైన లుక్కూ పోదు.

[తెర మీద: సీలింగ్‌లో తెల్లటి గుండ్రటి మూత, దగ్గరగా]

స్ప్రింక్లర్ కనిపించకూడదంటే సీలింగ్‌లో దాక్కునే రకం దొరుకుతుంది. పైకి కనిపించేది చిన్న గుండ్రటి మూతే. సాధారణంగా 57 డిగ్రీల సెల్సియస్ దగ్గర మూతను పట్టి ఉంచే టంకం కరిగి మూత ఊడిపడుతుంది, 68 దగ్గర లోపలున్న హెడ్ (నీళ్లు చిమ్మే మూతి) తెరుచుకుని నీళ్లు చిమ్ముతుంది. ఒకటి పేలితే హోటలంతా తడిసిపోతుందన్న టెన్షన్ వద్దు. వేడి తగిలిన హెడ్డే తెరుచుకుంటుంది, సినిమాల్లో చూపించినట్టు అన్నీ ఒకేసారి కాదు.

ఈ మూతల్ని పాడుచేసేది ఎక్కువగా పెయింటర్లే. సీలింగ్‌తో పాటు మూత మీదా ఒక కోటింగ్ లాగించేస్తారు. రంగు ఆరి మూత అంచు సీలింగ్‌కి అతుక్కుపోతుంది, వేడెక్కినా ఊడదు. మూతకూ సీలింగ్‌కూ మధ్య సన్నటి సందు కనబడాలి. పుట్టీతోనో రంగుతోనో అది పూడిపోయి ఉంటే గోకి శుభ్రం చేయించకండి, కొత్తది వేయించండి. రంగు కలవాలంటే సీలింగ్ షేడ్ నంబరు ముందుగానే తయారీ కంపెనీకి పంపండి, అదే రంగులో మూతలు చేసిస్తారు. ఆ ఆర్డర్ ఫాల్స్ సీలింగ్ పని మొదలుకాకముందే వెళ్లాలి.