మందు పడలేదా? ముందు నోరు చూపించండి

అందరికీ నమస్కారం.

యాంటీబయాటిక్ వాడుతుండగా ఒళ్లు ఎర్రబడిందంటే అందరూ చర్మమే చూపిస్తారు. నేను ముందు నోరు తెరవమంటాను, తర్వాత కళ్లు చూస్తాను. కొందరు విసుక్కుంటారు కూడా.

అమాక్సిసిలిన్ లాంటి మందులతో తరచుగా వచ్చేది తట్టు పోసినట్టుండే దద్దు. మొదటిసారి వాడేవాళ్లలో సాధారణంగా నాలుగో రోజు తర్వాత, రెండు వారాల్లోపు మొదలవుతుంది. వీపు, ఛాతీ మీద లేచి చేతులకూ కాళ్లకూ పాకుతుంది. దురద పెడుతుంది, మందు ఆపితే తగ్గిపోతుంది. అలా కాక, మాత్ర మింగిన గంటలోపే దద్దుర్లు లేచి, పెదాలు ఉబ్బి, ఊపిరి అందకపోతే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాల్సిందే.

ఇక నోటి సంగతి. 1922లో స్టీవెన్స్, జాన్సన్ అనే అమెరికా వైద్యులు ఇద్దరు పిల్లల్లో జ్వరం, నోటినిండా పుండ్లు, కళ్లకలక, ఒంటిమీద మచ్చలు కలిసి రావడం గమనించి రాశారు. ఆ జబ్బుకు వాళ్ల పేర్లే నిలిచాయి. చాలా అరుదైనదే, కానీ ప్రాణాంతకం. సల్ఫా మందులతో వచ్చే ప్రమాదం మిగతా యాంటీబయాటిక్స్ కన్నా ఎక్కువ. చిక్కేమిటంటే, మొదట్లో ఇది జలుబు జ్వరంలాగే ఉంటుంది: గొంతు నొప్పి, కళ్ల మంట. ఇన్‌ఫెక్షన్ ఇంకా తగ్గలేదనుకుని అదే మాత్ర కొనసాగిస్తారు. తర్వాత చర్మం దురద కన్నా ఎక్కువగా నొప్పి పెడుతుంది, బొబ్బలెక్కి కాలిన ఒంటిలా ఊడొస్తుంది.

నాకు ఆసక్తి కలిగించేది మరొకటి ఉంది. పెదవి మీదో, జననాంగం మీదో గుండ్రటి ఊదారంగు మచ్చ. మంట పుడుతుంది, ఒక్కోసారి పొక్కుతుంది, మానాక బూడిదరంగు మిగులుతుంది. కొన్ని నెలల తర్వాత విరేచనాలకని, మొదట ఆ మచ్చ తెచ్చిన మెట్రోనిడజోల్‌నే వేసుకుంటే సరిగ్గా అదే చోట మళ్లీ! ఆ మందును గుర్తుపెట్టుకున్న టి కణాలు, అంటే ఒంటి రక్షణ కణాలు, అక్కడి చర్మంలోనే కాపుంటాయి. సుఖవ్యాధేమోనని భయపడి, ఎవరికీ చెప్పుకోలేక నలిగిపోయేవాళ్లు ఎందరో. విరేచనాల మాత్ర మీద అనుమానం ఎవరికొస్తుంది?

నాలుక మీద తెల్లపూత, యోనిలో దురద, తెల్లబట్ట మాత్రం అలర్జీ కాదు. మంచి బ్యాక్టీరియా కూడా చచ్చిపోతే ఫంగస్ పెరుగుతుంది, అంతే. డాక్సీసైక్లిన్ అయితే గ్లాసు నిండా నీళ్లతో, కూర్చునే మింగాలి. పడుకునే ముందు వేసుకుంటే అన్నవాహికలో ఇరుక్కుని పుండు చేస్తుంది. ఎండ పడ్డచోట చర్మం కమిలిపోవడమూ ఈ మందుతో మామూలే.

చిన్నప్పుడెప్పుడో దద్దు వచ్చిందని జీవితాంతం “పెన్సిలిన్ పడదు” అంటుంటారు. నిజంగా అలర్జీ ఉన్నవాళ్లలోనూ పదిమందిలో దాదాపు ఎనిమిదిమందికి పదేళ్లలో అది పోతుంది. నిపుణుల దగ్గర పరీక్ష చేయించుకుంటే తేలిపోతుంది. నోరు, కళ్లు పుండ్లుపడి చర్మం ఊడినవాళ్లకు మాత్రం ఆ మందు మళ్లీ ఇచ్చి చూసే పరీక్ష చేయకూడదు. వాళ్లు మందు పేరు కాగితం మీద రాసి పర్సులో ఉంచుకోవాలి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఆ కాగితమే తీయాలి.