మాస్టడాన్‌లో కొత్తగా చేరారా? మొదటి వారంలోనే వదిలేయకండి | పూర్తి రివ్యూ

అందరికీ నమస్కారం, శ్రీకాకుళం నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు రివ్యూ మాస్టడాన్ మీద. ఫీచర్లన్నీ వరసగా చదివి వినిపించే వీడియోలు చాలా ఉన్నాయి కాబట్టి అది మళ్ళీ చెయ్యను. ఇవాళ పొద్దున్నే అకౌంట్ తెరిచిన మనిషి ఎక్కడెక్కడ ఆగిపోతాడు, ఎందుకు విసుగొచ్చి వెళ్ళిపోతాడు, ఆ మనిషిని ఎలా నిలబెట్టాలి అన్నది మాత్రం చూద్దాం.

ముందు ఇదేంటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 2016లో జర్మనీలో యూజెన్ రోచ్కో మొదలుపెట్టాడు. ట్విట్టర్‌లాగే చిన్న చిన్న పోస్టులు, మామూలుగా 500 అక్షరాల వరకు. కాకపోతే అంతా ఒకే కంపెనీ చేతిలో ఉండదు, వేలకొద్దీ సర్వర్లుంటాయి, ఒక్కోదాన్ని ఒక్కొక్కరు నడుపుతారు, అవన్నీ యాక్టివిటీపబ్ అనే ఒక ఉమ్మడి పద్ధతిలో మాట్లాడుకుంటాయి. మీది జియో సిమ్, నాది బీఎస్ఎన్ఎల్, అయినా ఫోన్ కలుస్తుంది కదా, అలాగే మీరొక సర్వర్‌లో, నేనొక సర్వర్‌లో ఉన్నా ఒకరినొకరం ఫాలో అవ్వొచ్చు. ప్రకటనలుండవు. మీకేం చూపించాలో లెక్కలు వేసే అల్గారిథం హోమ్‌లో ఉండదు, ఎవరు ఎప్పుడు రాస్తే ఆ వరసలోనే వస్తుంది.

మన దేశం నుంచి 2019 నవంబర్‌లో చాలామంది ఒక్కసారిగా ఇటు వచ్చారు, 2022 చివర్లో ట్విట్టర్ చేతులు మారినప్పుడు మళ్ళీ వచ్చారు. రెండుసార్లూ అందులో చాలామంది నిలవలేదు. సర్వర్లు అర్థం కాక వెళ్ళిపోయారని అంటుంటారు గానీ నేను ఒప్పుకోను. లోపలికొచ్చాక పలకరించేవాళ్ళు లేక వెళ్ళిపోయారు. నా రివ్యూ మొత్తం ఈ ఒక్క మాట మీదే ఉంటుంది.

మా చుట్టాల్లో పలాస కుర్రాడు ఒకడున్నాడు. అకౌంట్ తెరిచి, సెర్చ్‌లో శ్రీకాకుళం అని కొట్టి, ఏమీ రాకపోయేసరికి నాకు ఫోన్ చేసి "ఏటి బావూ, ఇందులో ఎవులూ లేరేటి?" అన్నాడు. ఎందుకు రాలేదో చెప్తాను, ఇది ప్రతి కొత్తవాడికీ తగిలేదే. ఇక్కడ పోస్టుల్లోని మాటల్ని వెతకడం 2023లో వచ్చిన 4.2 వెర్షన్ నుంచి ఉంది, కానీ రాసినవాళ్ళు నా పోస్టులు వెతకొచ్చు అని సెట్టింగ్స్‌లో ఒప్పుకుంటేనే దొరుకుతాయి. చాలామంది అది ఆన్ చెయ్యరు. అందుకే ఇక్కడ అంతా హ్యాష్‌ట్యాగ్ మీద నడుస్తుంది. ఇదిగో స్క్రీన్ చూడండి, తెలుగు అని ట్యాగ్ కొట్టాను, పైన ఫాలో బటన్ ఉంది, నొక్కాను. ఇక మనుషుల్ని ఫాలో అయినట్టే ఆ ట్యాగ్‌తో వచ్చే పోస్టులు నేరుగా నా హోమ్‌లోకి వచ్చేస్తాయి. వంట, క్రికెట్, పక్షులు, పుస్తకాలు, మీకేది ఇష్టమైతే అది, తెలుగు లిపిలో ఒకటి, ఇంగ్లీష్ లిపిలో ఒకటి, రెండూ ఫాలో అవ్వండి, మనవాళ్ళు రెండు రకాలుగానూ రాస్తారు. మా కుర్రాడు ఆ పని చేసిన సాయంత్రానికే హోమ్ కదలడం మొదలైంది.

ఇక్కడే సర్వర్ ఎంపిక సంగతి కూడా వస్తుంది. మీ సర్వర్‌కి అందిన పోస్టులే మీ ట్యాగుల్లో కనిపిస్తాయి, అందనివి కనిపించవు. నలుగురైదుగురు ఉండే సర్వర్‌లో చేరితే అక్కడివాళ్ళు ఫాలో అయ్యేది తక్కువ, కాబట్టి వచ్చేదీ తక్కువే. కొత్తవాళ్ళు ఓ మోస్తరు పెద్ద సర్వర్‌లో చేరడమే మంచిదని నా అభిప్రాయం. జాయిన్‌మాస్టడాన్ సైట్‌లో పెట్టే సర్వర్లు కొన్ని షరతులకి ఒప్పుకున్నవి: రోజూ బ్యాకప్ తియ్యాలి, ద్వేషాన్ని రెచ్చగొట్టే రాతల్ని తీసెయ్యాలి, మూసేసేటప్పుడు కనీసం 3 నెలల ముందు చెప్పాలి. చేరే ముందు ఆ సర్వర్ రూల్స్ పేజీ చదవండి, రెండు నిమిషాల పని. రూల్సే రాసుకోని సర్వర్ జోలికి వెళ్ళకండి. తర్వాత నచ్చకపోతే మారొచ్చు, మీ ఫాలోవర్లు మీతోపాటు కొత్త చోటికి వస్తారు, పాత పోస్టులు మాత్రం రావు. అది నిజంగా లోటే, దానికి మార్కులు తగ్గిస్తున్నాను.

ఇంకో చిక్కు. వేరే సర్వర్‌లో ఉన్న ఒకరి ప్రొఫైల్ తెరుస్తారు, ఒక్క పోస్టు కూడా ఉండదు, వీళ్ళేమీ రాయరేమో అనుకుని వెనక్కి వచ్చేస్తారు. మీ సర్వర్‌లో అంతకుముందు ఎవరూ వాళ్ళని ఫాలో అవ్వకపోతే పాత పోస్టులు ఇక్కడికి వచ్చి ఉండవు, అంతే. వాళ్ళ అసలు పేజీ బ్రౌజర్‌లో తెరిచి చూడండి, అన్నీ అక్కడుంటాయి. ఫాలో అయితే ఇకమీదట రాసేవి మీకు వస్తాయి. అలాగే ఎవరైనా లింక్ పంపితే అది బ్రౌజర్‌లో తెరుచుకుని, ఫాలో నొక్కగానే లాగిన్ అడిగి తికమక పెడుతుంది. ఆ లింక్ కాపీ చేసి మీ యాప్‌లో సెర్చ్ బాక్స్‌లో పేస్ట్ చెయ్యండి, ఆ మనిషి అక్కడే కనిపిస్తారు. ఇంత చిన్న సంగతి యాప్ తనంతట తాను చెప్పకపోవడం నాకు అస్సలు నచ్చలేదు.

చాలా జాగ్రత్తగా వినాల్సింది ఇది, ముఖ్యంగా ఆడపిల్లలు, కాలేజీ పిల్లలు. ప్రైవేట్ మెసేజ్ అని ఉంటుంది గానీ అది వాట్సాప్‌లా తాళం వేసిన మెసేజ్ కాదు, సర్వర్ నడిపేవాళ్ళు తలుచుకుంటే చూడగలరు. పైగా ఆ మెసేజ్‌లో మూడో మనిషి పేరు ట్యాగ్ చేస్తే అది వాళ్ళకి కూడా వెళ్ళిపోతుంది. ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రస్, ఆధార్ ఫొటో ఇక్కడ పంపకండి. ఎవరైనా వేధిస్తే బ్లాక్ చెయ్యండి, రిపోర్ట్ కూడా కొట్టండి, అది మీ సర్వర్ అడ్మిన్‌కి వెళ్తుంది, అవతలి సర్వర్‌కి కూడా కాపీ పంపమంటారా అని అడుగుతుంది.

ఇక రాయడం. మొదటి పోస్టు హలో అని వదిలేస్తే ఎవరికీ అందదు. మీరెవరు, ఏ ఊరు, మీకేం ఇష్టం అని నాలుగు లైన్లు రాసి, ఇంట్రడక్షన్ అనే ట్యాగ్, పక్కన మీ ఇష్టాల ట్యాగులు పెట్టి, దాన్ని ప్రొఫైల్‌లో పిన్ చెయ్యండి. పోస్ట్ భాష దగ్గర తెలుగు ఎంచుకోండి, భాషని బట్టి ఫిల్టర్ పెట్టుకున్నవాళ్ళకి అప్పుడే సరిగ్గా చేరుతుంది. ఫొటోకి వివరణ రాయడం అక్కడ మర్యాద కింద లెక్క, చూపు లేనివాళ్ళకి వాళ్ళ ఫోన్ ఆ వివరణ చదివి వినిపిస్తుంది. తేలినీలాపురంలో తీసిన ఈ ఫొటోకి నేనేం రాశానో చూడండి: "చింతచెట్టు పైకొమ్మ మీద రెండు పెలికాన్ పక్షులు, ఒకటి రెక్కలు విప్పుకుని ఉంది, వెనక మబ్బు లేని ఆకాశం". అంత చాలు. లైక్ కొడితే రాసినవాళ్ళకి సంతోషం, కానీ దాంతో పోస్టు మీ ఫాలోవర్ల హోమ్‌లోకి వెళ్ళదు, నలుగురికీ చేరాలంటే బూస్ట్ నొక్కాలి.

మరి తీసుకోవచ్చా? ఒకే కంపెనీ మీద ఆధారపడితే ఏమవుతుందో 2024లో కూ అనే మన దేశపు సోషల్ మీడియా యాప్ మూతపడినప్పుడు అందులో తెలుగులో రాసుకున్నవాళ్ళకి బాగా తెలిసింది, ఆ కారణం ఒక్కటి చాలు నేను ఇక్కడ ఉండడానికి. సినిమా అప్‌డేట్లు, ట్రెండింగ్ గొడవలు, వేలల్లో లైకులు కావాలంటే ఇది మీకు కాదు, తెలుగువాళ్ళు ఇంకా తక్కువే. నింపాదిగా రాసుకుని, చదివేవాళ్ళతో మాట్లాడాలనుకుంటే తప్పకుండా చేరండి. ఇది కష్టమనిపిస్తే ఇలాంటిదే బ్లూస్కై అని ఇంకొకటి ఉంది, అది కొంచెం సులువు, స్టార్టర్ ప్యాక్ అని ఒకరు కట్టిపెట్టిన జాబితాని ఒకేసారి ఫాలో అయిపోవచ్చు, అయితే దాని పద్ధతి వేరు, దాని మీద విడిగా చెయ్యాలి.

ఇప్పటికే అక్కడున్న మనవాళ్ళని మాత్రం గట్టిగా అడుగుతున్నాను. రోజుకి ఒక్కసారి తెలుగు ట్యాగ్ తెరిచి, కొత్తగా వచ్చినవాళ్ళు కనిపిస్తే ఏ ఊరండీ అని అడగండి, వాళ్ళ పోస్టు బూస్ట్ చెయ్యండి, ఫాలో అవ్వాల్సిన నలుగురి పేర్లు చెప్పండి. ఆ పని ఏ సాఫ్ట్‌వేరూ చెయ్యదు. శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు మీ మొదటి పోస్టులో ఊరి పేరు తెలుగు లిపిలో ట్యాగ్ చెయ్యండి. ఆ రెండు ట్యాగులూ నేను ఫాలో అవుతున్నాను, నా సర్వర్‌కి అందిన ప్రతి పరిచయానికీ జవాబిస్తాను.