వెళ్లిపోదాం సరే, ఎక్కడికి? బ్రెగ్జిట్ చర్చ అసలు ఎక్కడ చిక్కుపడింది

[స్క్రీన్ మీద: బ్యాలెట్ పేపర్, బాగా దగ్గరగా]

ఈ కాగితం చూడండి. 2016 జూన్ 23న బ్రిటన్ ఓటర్ల చేతికి ఇచ్చిన బ్యాలెట్ ఇది. అభ్యర్థుల పేర్లు లేవు, పార్టీ గుర్తులు లేవు. యునైటెడ్ కింగ్‌డమ్ (బ్రిటన్) యూరప్ దేశాల కూటమి అయిన యూరోపియన్ యూనియన్ (ఈయూ)లో ఉండాలా, బయటికి రావాలా అని ఒకే ప్రశ్న, కింద రెండు గడులు. ఏదో ఒక గడిలో ఇంటూ మార్కు పెట్టి పెట్టెలో వేసేయడమే. 72 శాతం మంది వచ్చి ఓటేశారు. 51.9 శాతం వెళ్లిపోదామన్నారు, 48.1 శాతం ఉందామన్నారు. ఆ వెళ్లిపోవడానికే బ్రెగ్జిట్ అని పేరు.

ఇందులో నన్ను ఇప్పటికీ వదలని విషయం ఒకటుంది. 'ఉందాం' అంటే ఏంటో అందరికీ తెలుసు, 1973 నుంచీ ఉంటూనే ఉన్నారు కాబట్టి. 'వెళ్లిపోదాం' అంటే మాత్రం ఒక్కొక్కరి మనసులో ఒక్కో అర్థం, ఆ అర్థాలన్నిటికీ కలిపి బ్యాలెట్ మీద ఒకటే గడి. ఆ తర్వాత నాలుగేళ్లు నడిచిన గొడవకి బీజం అక్కడే పడిందని నా గట్టి నమ్మకం.

ముందు వెళ్లిపోదామన్నవాళ్ల మాట వినాలి. వాళ్లకేం తెలీదని కొట్టిపారేస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. 1975లో ఇదే విషయం మీద రెఫరెండం పెడితే 67 శాతం మంది ఉందామన్నారు, కానీ అప్పుడది ప్రధానంగా ఒక వ్యాపార కూటమి. తర్వాత దశాబ్దాల్లో అది ఉమ్మడి చట్టాలు, ఉమ్మడి కోర్టు, ఎవరైనా ఎక్కడికైనా వెళ్లి ఉద్యోగం చేసుకునే హక్కు, ఇలా పెరుగుతూ పోయింది. మా చట్టాలు మేం ఎన్నుకున్నవాళ్లే చేయాలి, నచ్చకపోతే మేమే వాళ్లని దించేయాలి అని ఒక ఓటరు అడిగితే అందులో తప్పేముంది?

2004లో పోలండ్ లాంటి తూర్పు యూరప్ దేశాలు చేరాయి. జర్మనీ, ఫ్రాన్స్ తమ ఉద్యోగాల తలుపులు వెంటనే తెరవలేదు, బ్రిటన్ తెరిచింది. ఏడాదికి నికరంగా 5 వేల నుంచి 13 వేల మంది వస్తారని ప్రభుత్వం చేయించిన అధ్యయనం లెక్కగట్టింది, వచ్చినవాళ్లు దానికి ఎన్నో రెట్లు. లింకన్‌షైర్‌లో బోస్టన్ అనే చిన్న ఊరుంది, చుట్టూ కూరగాయల పొలాలు, ఆ పనుల కోసం వేలమంది వచ్చి చేరారు. స్కూళ్లలో సీట్లు, డాక్టర్ అపాయింట్‌మెంట్లు, ఇంటి అద్దెలు అన్నిటి మీదా ఒత్తిడి పెరిగిందని అక్కడి జనం చెబుతూనే ఉన్నారు, పట్టించుకున్న నాయకులు తక్కువ. 'వెళ్లిపోదాం'కి దేశం మొత్తంలో ఎక్కువ శాతం ఓట్లు పడింది ఆ ఊళ్లోనే, 75 శాతం పైన.

ఇక ప్రచారం. వెళ్లిపోదామన్నవాళ్ల ఎర్ర బస్సు ఫొటో మీరు చూసే ఉంటారు, వారానికి 35 కోట్ల పౌండ్లు ఈయూకి పంపుతున్నాం, అదేదో మన ఆరోగ్య సేవకి పెడదాం అని. ఆ అంకెలో రిబేటు కింద బ్రిటన్‌కి మినహాయించే డబ్బు కూడా కలిపేశారు, అసలు దేశం దాటని డబ్బది. ఈ లెక్క తప్పుదోవ పట్టిస్తుందని దేశ గణాంకాల సంస్థే చెప్పినా బస్సు తిరుగుతూనే ఉంది. అవతలి పక్షం కూడా తక్కువ తినలేదు. వెళ్లిపోదామని ఓటేస్తే వెంటనే ఆర్థిక మాంద్యం వస్తుందని ఆర్థిక శాఖ భయపెట్టింది, ఆ ఏడాది అది రాలేదు. ఇద్దరూ అంకెలు విసురుకుంటుంటే మధ్యలో అసలు ప్రశ్న పోయింది: బయట అంటే ఎక్కడ?

[స్క్రీన్ మీద: యూరప్ మ్యాప్, నార్వే, టర్కీ వెలుగుతాయి]

ఎందుకంటే బయట అనేది ఒకే చోటు కాదు. నార్వే ఈయూలో లేదు కానీ సింగిల్ మార్కెట్‌లో ఉంది, అంటే సరుకులు, సేవలు, డబ్బు, జనం పెద్దగా అడ్డులేకుండా తిరిగే ఉమ్మడి మార్కెట్. అందుకు డబ్బు కడుతుంది, యూరప్ జనాన్ని రానిస్తుంది, నియమాలు చాలావరకు పాటిస్తుంది, వాటి మీద ఓటు మాత్రం లేదు. టర్కీకి ఈయూతో కస్టమ్స్ యూనియన్ ఉంది, అంటే చాలా సరుకుల మీద ఒకరికొకరు సుంకాలు వేసుకోరు, బయటి దేశాల సరుకు మీద మాత్రం ఇద్దరిదీ ఒకే సుంకం. కెనడాది వాణిజ్య ఒప్పందం. ఏ ఒప్పందమూ లేకుండా వచ్చేయడం ఇంకోటి. 2019 జనవరిలో అప్పటి ప్రధాని థెరిసా మే ఈయూతో కుదుర్చుకుని తెచ్చిన ఒప్పందాన్ని పార్లమెంటు 432–202తో ఓడించింది. సరే, మీకేం కావాలో మీరే చెప్పండి అన్నట్టు మార్చి 27న ఎనిమిది ప్రత్యామ్నాయాలు ఓటింగ్‌కి పెట్టారు. ఎనిమిదిలో ఒక్కదానికీ మెజారిటీ రాలేదు! మళ్లీ ఏప్రిల్ 1న ఓటింగ్ పెడితే కస్టమ్స్ యూనియన్ 273–276తో, మూడంటే మూడు ఓట్లతో పోయింది.

చివరికి తర్వాతి ప్రధాని బోరిస్ జాన్సన్ హయాంలో 2020 జనవరి 31న బయటికొచ్చారు, ఆ డిసెంబర్‌లో వాణిజ్య ఒప్పందం కుదిరింది. సరుకుల మీద సుంకాలు సున్నా అనగానే అంతా పాతలాగే ఉంటుందని చాలామంది అనుకున్నారు. 2021 జనవరి నుంచి ఫ్రాన్స్‌కి మాంసం పంపాలంటే పశువైద్యుడు సంతకం పెట్టిన ఆరోగ్య ధ్రువపత్రం, కస్టమ్స్ డిక్లరేషన్, సుంకం తప్పించుకోవాలంటే సరుకు ఎక్కడ తయారైందో రుజువు, అన్నీ ఉండాలి. పెద్ద కంపెనీ దానికో విభాగం పెట్టుకుంటుంది. పది మందితో నడిచే చిన్న సంస్థ ఆ కాగితాల ఖర్చు ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఈయూలోనే ఉండి ఉంటే ఉండేదానికంటే దీర్ఘకాలంలో బ్రిటన్ ఉత్పాదకత 4 శాతం తగ్గుతుందని అక్కడి బడ్జెట్ పర్యవేక్షణ సంస్థ అంచనా. వలసల సంగతికొస్తే, ఈయూ నుంచి వచ్చేవాళ్లు తగ్గారు, భారత్, నైజీరియా లాంటి దేశాల నుంచి వచ్చేవాళ్లు బాగా పెరిగారు. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో నికర వలస 9 లక్షలు దాటింది. బోస్టన్‌లో ఓటేసినవాళ్లు కోరుకున్నది ఇది కాదు.

[స్క్రీన్ మీద: ఐర్లండ్ సరిహద్దు రోడ్డు]

ఇదిగో, యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్‌కీ, ఈయూలో ఉన్న ఐర్లండ్ దేశానికీ మధ్య సరిహద్దు. కనిపించిందా? వేగ పరిమితి బోర్డు మైళ్ల నుంచి కిలోమీటర్లకి మారుతుంది, అంతే. ఒకప్పుడు ఇక్కడ సైనికుల చెక్‌పోస్టులుండేవి. 1998 శాంతి ఒప్పందం తర్వాత అవి పోయాయి, వాటిని మళ్లీ తేవడానికి ఎవరికీ మనసొప్పలేదు. కానీ బ్రిటన్ సింగిల్ మార్కెట్ వదిలేస్తే తనిఖీ ఎక్కడో ఒకచోట జరగాలి కదా. భూమ్మీద వద్దనుకుని బ్రిటన్ ప్రధాన దీవికీ ఉత్తర ఐర్లండ్‌కీ మధ్య సముద్రం మీద పెట్టారు, అంటే ఒకే దేశంలో ఒక భాగం నుంచి ఇంకో భాగానికి వెళ్లే సరుకుకి కాగితాలు. 2016లో ప్రచారమంతా వెతికినా ఈ మాట దాదాపు వినబడదు, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. ఉత్తర ఐర్లండ్‌లో 55.8 శాతం మంది ఉందామనే ఓటేశారు. 2023లో విండ్సర్ ఒప్పందంతో తనిఖీలు తేలిక చేశారు, దానికి బదులుగా అక్కడికి పంపే మాంసం, పాల ప్యాకెట్ల మీద ఒక లేబుల్ అంటించాలి. దాని మీద ఉండేది మూడే మాటలు.

[స్క్రీన్ మీద: పాల ప్యాకెట్, లేబుల్ దగ్గరగా]

నాట్ ఫర్ ఈయూ.