ఆ బి మైనస్ ఎక్కడ వచ్చిందో లెక్కలో కనపడదు

అందరికీ నమస్కారం.

కాలేజీ ఖాయం చేసుకునే గడువు మే 1 దగ్గర పడింది. ఇక్కడికి వచ్చిన చాలామంది ఇళ్ళల్లో మూడు నాలుగు యూనివర్సిటీల ఆఫర్లు ముందు పెట్టుకుని, దేనికి డిపాజిట్ కట్టాలో తేలక రాత్రిళ్ళు చర్చలు నడుస్తున్నాయని నాకు తెలుసు. వారం రోజులుగా నాకు వచ్చే ఫోన్లన్నీ అవే. "డాక్టరుగారూ, పిల్లకి పెద్ద యూనివర్సిటీలో వచ్చింది. అక్కడ గ్రేడింగ్ చాలా కష్టమట. మెడిసిన్‌కి వెళ్దామనుకునే పిల్లని అక్కడ చేర్చొచ్చా?" అని. నా జవాబు ముందే చెప్పేస్తాను. ఆ క్లాసులో మీ పిల్ల పై పావు వంతులో నిలబడగలదన్న నమ్మకం మీకూ, తనకూ ఉంటే చేర్చండి. పేరు కోసమైతే వద్దు.

ఎందుకంటున్నానో చెప్పాలంటే మన చదువుల దగ్గరికి వెళ్ళాలి. నేను గుంటూరు మెడికల్ కాలేజీలో చదివాను. ఎంసెట్‌లో ర్యాంకు వచ్చింది, సీటు వచ్చింది, మా నాన్న వీధంతా స్వీట్లు పంచారు. అక్కడితో గట్టెక్కినట్టే. ఫస్టియర్ అనాటమీలో నాకు బొటాబొటిగా మార్కులు వచ్చాయి, ఆ సంగతి ఇప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. ఒక్క రోజు పరీక్ష, ఒక్క ర్యాంకు, అంతే. మనలో చాలామందికి ఆ అలవాటు లోపల ఉండిపోయింది. పిల్లకి పెద్ద యూనివర్సిటీలో అడ్మిషన్ వస్తే సగం డాక్టర్ అయిపోయినట్టే అనుకుంటాం. ఇక్కడ అమెరికాలో అది పరుగు మొదలుపెట్టే గీత మాత్రమే. ప్రీమెడ్, అంటే మెడిసిన్‌కి ముందు చేసే తయారీ, డిగ్రీ కూడా కాదు. ఏ మేజర్ చదివినా బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ కోర్సులు చేసి, ఎంక్యాట్ అనే మెడికల్ ప్రవేశ పరీక్ష రాసి, అప్పుడు అందరితోపాటు లైన్లో నిలబడాలి. 2023లో ఎం.డి. స్కూళ్ళకి (ఇక్కడ డాక్టరు మొదటి డిగ్రీయే ఎం.డి.) సుమారు 52 వేల 500 మంది అప్లై చేస్తే చేరింది 23 వేల మంది. చేరినవాళ్ళ సగటు జీపీఏ, అంటే అన్ని కోర్సుల గ్రేడ్ల సగటు, 4కి 3.77. సగటే అది.

ఆ జీపీఏ ఎలా కడతారో చాలామంది తల్లిదండ్రులకి తెలియదు. యామ్‌కాస్ అనే అప్లికేషన్ సర్వీసు పిల్లలు చేసిన ప్రతి కాలేజీ కోర్సునీ తీసుకుని మళ్ళీ తన పద్ధతిలో లెక్కకడుతుంది. ఎ కి 4.0, ఎ మైనస్‌కి 3.7, బి ప్లస్‌కి 3.3, బి మైనస్‌కి 2.7. సైన్సు, మ్యాథ్స్ కోర్సులకి విడిగా ఇంకో జీపీఏ. ఒక కోర్సు మళ్ళీ చేస్తే పాత గ్రేడు పోదు, రెండూ కలుపుతారు. ఈ లెక్కలో "ఇది కష్టమైన యూనివర్సిటీ, కాస్త కలుపుదాం" అనే గడి ఎక్కడా లేదు. మనం ఉండేది టెక్సాస్ కాబట్టి ఇంకోటి కూడా చెప్పాలి. ఇక్కడి మెడికల్ స్కూళ్ళ అప్లికేషన్ సర్వీసు టీఎండీశాస్ ప్లస్సులూ మైనస్సులూ చూడదు. ఎ మైనస్ అక్కడ 4.0 అవుతుంది, బాగుంది. కానీ బి ప్లస్ 3.0 అయిపోతుంది, సి ప్లస్ 2.0.

ఇక మా ఇంటి సంగతి. మా పెద్దమ్మాయి చదివిన యూనివర్సిటీ పేరు చెప్పను. గట్టి పేరున్నదే. దానికి అడ్మిషన్ వచ్చిన రోజు నేను కూడా గాల్లో తేలాను. ఫస్టియర్ అయ్యేసరికి 30 క్రెడిట్లు, 3.9 జీపీఏ. సెకండియర్లో ఆర్గానిక్ కెమిస్ట్రీ. మిడ్‌టర్మ్‌లో క్లాసు సగటు 64, దీనికి 60. సగటు వచ్చినవాళ్ళకి బి మైనస్ అని కర్వ్ పెట్టారు, అంటే క్లాసు సగటుని బట్టి గ్రేడ్లు. ఆ క్లాసులో కూర్చున్నవాళ్ళందరూ వాళ్ళ వాళ్ళ హైస్కూళ్ళలో మొదటి పది మందిలో ఉన్నవాళ్ళే. అలాంటివాళ్ళలో సగటు దగ్గర ఉండటం తక్కువేం కాదు. కానీ చివరికి ట్రాన్‌స్క్రిప్టులో పడింది సి ప్లస్.

క్రిస్మస్ సెలవులకి వచ్చింది, నోరు విప్పలేదు. ఒక పొద్దున వంటింట్లో చెత్తబుట్ట తీస్తుంటే ఇండియన్ స్టోర్ బిల్లు ఒకటి కనపడింది, వెనకాల పెన్సిల్‌తో లెక్కలు. 30 క్రెడిట్లు, 3.9 చొప్పున 117 పాయింట్లు. దానికి ఐదు క్రెడిట్ల సి ప్లస్, 2.3 చొప్పున 11.5 కలిపితే 128.5. ముప్పై అయిదుతో భాగిస్తే 3.67. కింద రెండు గీతలు గీసి ఇంకో లెక్క: మళ్ళీ 3.9 కి రావాలంటే వరసగా ఎన్ని క్రెడిట్లు ఎ రావాలి? జవాబు 80. ఆ 80 చుట్టూ పెన్సిల్ ఎన్నిసార్లు తిప్పిందో, కాగితం చిరిగింది. సెమిస్టర్‌కి 15 క్రెడిట్ల చొప్పున అయిదు సెమిస్టర్లు దాటుతుంది. అంటే మిగిలిన డిగ్రీ అంతా ఒక్క ఎ మైనస్ కూడా రాకూడదు. నేను డాక్టర్ని. రోజూ ఎంతోమందికి కష్టమైన మాటలు చెబుతాను. ఆ బిల్లు పట్టుకుని పిల్ల గదిలోకి వెళ్ళడానికి మాత్రం నాకు అరగంట పట్టింది.

చాలామంది నాతో అంటారు: "అడ్మిషన్ కమిటీకి తెలుసులెండి, ఫలానా చోట బి అంటే ఇంకోచోట ఎ తో సమానమని." కొంతవరకు తెలుసు. దగ్గర్లోని కాలేజీల సంగతి, ఏటా పిల్లల్ని పంపే కాలేజీల సంగతి వాళ్ళకి బాగానే తెలుసు. కానీ తెలియడం వేరు, ఆ తేడాని సరిగ్గా లెక్కలోకి తీసుకోవడం వేరు. 2013లో డాన్ మూర్, ఆయన సహచరులు ప్లోస్ వన్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. మెడికల్ స్కూళ్ళ మీద చేసింది కాదు గానీ విషయం ఇదే. ఒక్కో కాలేజీలో సగటు గ్రేడు ఎంతో కళ్ళముందు పెట్టినా సరే, అడ్మిషన్లు చూసేవాళ్ళు ధారాళంగా గ్రేడ్లిచ్చే చోటి నుంచి పెద్ద గ్రేడుతో వచ్చినవాళ్ళ వైపే మొగ్గారు. అంకె కంటికి ఆనినంతగా దాని వెనకాల సంగతి ఆనదు.

ఇంకో అపోహ, పేరున్న చోటల్లా గ్రేడింగ్ కష్టమని. హార్వర్డ్‌లో 2020-21లో ఇచ్చిన గ్రేడ్లలో 79 శాతం ఎ, ఎ మైనస్‌లే. పదేళ్ళ ముందు అది 60 శాతం. ప్రిన్స్‌టన్ దీనికి ఎదురు వెళ్ళింది. 2004లో, ఎ శ్రేణి గ్రేడ్లు 35 శాతం దాటకూడదని విధానం పెట్టింది. లక్ష్యంగా పెట్టిన అంకె కోటాలాగా నడుస్తోందనీ, పిల్లల్లో టెన్షన్ పెరుగుతోందనీ తేలాక 2014లో ఎత్తేసింది. ఎంఐటీలో మొదటి సెమిస్టర్ ఫెయిలైన కోర్సు ట్రాన్‌స్క్రిప్టుకే ఎక్కదు. కాబట్టి పేరు చూసి అంచనా కట్టకండి, ఆ కాలేజీలో ఆ కోర్సు గురించి అడగండి.

కఠినంగా గ్రేడ్లిచ్చే ప్రొఫెసర్లు చెడ్డవాళ్ళని నేను అనడం లేదు. 2022లో న్యూయార్క్ యూనివర్సిటీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ చెప్పే మెయిట్‌లండ్ జోన్స్ మీద 350 మంది క్లాసులో 82 మంది పిటిషన్ పెట్టారు, ఆయన ఉద్యోగం పోయింది. ఆ వార్త చదివి నాకు బాధేసింది. రేపు మనం ఎవరి చేతిలో ప్రాణం పెడతామో ఆ డాక్టరుకి కెమిస్ట్రీ గట్టిగా రావాల్సిందే. మా అమ్మాయికి ఆ క్లాసులో నేర్చుకున్నది ఎంక్యాట్‌లో అక్కరకొచ్చింది, అది నిజం. కానీ పదిహేడేళ్ళ పిల్లకి ఆ బేరం ఏమిటో డిపాజిట్ కట్టకముందే తెలియాలి. మేం చెప్పలేదు, ఎందుకంటే మాకే తెలియదు.

బేరం అన్నాను కదా. హెచ్-4 మీద, అంటే తల్లిదండ్రుల వర్క్ వీసా మీద ఆధారపడ్డ వీసా మీద, ఉన్న పిల్లల తల్లిదండ్రులకి ఇది ఇంకా బరువు. గ్రీన్ కార్డు లేకపోతే చాలా మెడికల్ స్కూళ్ళు అసలు అప్లికేషనే తీసుకోవు. ఇరవై ఒకటి నిండితే హెచ్-4 పోతుంది. తగ్గిన జీపీఏని సరిచేసుకోవడానికి రెండేళ్ళు ఆగుదామంటే, ఆ రెండేళ్ళు ఏ వీసా మీద ఉండాలో ముందు చూసుకోవాలి. మా అమ్మాయి సిటిజన్, అందుకే డిగ్రీ తర్వాత రెండేళ్ళు ల్యాబులో పనిచేసి, అప్పుడు అప్లై చేయగలిగింది. ఇప్పుడు టెక్సాస్‌లోనే మెడిసిన్ సెకండియర్. టెక్సాస్ ప్రభుత్వ మెడికల్ స్కూళ్ళు నూటికి తొంభై సీట్లు ఇక్కడివాళ్ళకే ఇవ్వాలి. ఈ మాట గుర్తుంచుకుంటే, ఇంటికి దగ్గర్లో ఉన్న యూటీ డాలస్ లాంటి చోట స్కాలర్‌షిప్పుతో చేరే పిల్లని "అయ్యో, అంతేనా" అని ఏ ఫంక్షన్లోనూ ఎవరూ అనరు. ఆ మాట విని తలదించుకున్న పిల్లల్ని నేను చూశాను. దయచేసి అనకండి.

"మా దగ్గర చదివి మెడికల్ స్కూళ్ళకి అప్లై చేసినవాళ్ళలో తొంభై శాతానికి సీటు వచ్చింది" అని ఒక కాలేజీ బ్రోషర్లో వేస్తే, ఎంతమందిలో తొంభై అని అడగండి. కొన్ని కాలేజీల్లో కమిటీ లెటర్ అని, కాలేజీ తరఫున మెడికల్ స్కూళ్ళకి రాసే సిఫారసు లేఖ ఉంటుంది. గ్రేడ్లు తగ్గినవాళ్ళకి అది ఇవ్వరు, లేదా ఈ ఏడాది వద్దని నచ్చజెబుతారు. వాళ్ళు ఆ లెక్కలోకే రారు. ఫస్టియర్లో ప్రీమెడ్ అని వచ్చినవాళ్ళు ఎంతమంది, చివరికి అప్లై చేసినవాళ్ళు ఎంతమంది, ఈ రెండు అంకెలూ చెప్పమనండి. ఆర్గానిక్ కెమిస్ట్రీలో మధ్యలో ఉన్న విద్యార్థికి ఏ గ్రేడు వస్తుందో అడగండి. ఆ కోర్సు చేసిన సెకండియర్ పిల్లలు ఇద్దరితో మాట్లాడించమనండి, ట్యూటరింగ్ ఎలా ఉంటుందో వాళ్ళే చెబుతారు. ఆ ఫోన్ మీరు చేయకండి, మీ పిల్లతో చేయించండి. రేపు ప్రొఫెసర్ ఆఫీసు తలుపు కొట్టాల్సింది తనే.

నేను సాయంత్రం ఆరింటిదాకా ఇక్కడే ఉంటాను. ఆఫర్ లెటర్లు, పెన్సిలు తెచ్చుకున్నవాళ్ళు వెనక టేబుల్ దగ్గరికి రండి, కలిసి లెక్క వేద్దాం. ప్రశ్నలు మాత్రం ముందు పిల్లలే అడగాలి.