మినీ పీసీ ఫ్రీగా వచ్చింది, విండోస్ మాత్రం పాత డబ్బాలోంచి పీకాల్సి వచ్చింది

నమస్తే అండీ. టేబుల్ మీద అరచేతిలో పట్టేంత ఉందే, ఇదే ఆ మినీ పీసీ. కంపెనీ వాళ్లే పంపారు. డబ్బులేం ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు, కానీ డబ్బా నా దగ్గరే ఉండిపోతుంది. ముందే చెప్పేస్తే కామెంట్లలో కొట్లాట ఉండదు కదా.

ప్రాసెసర్, ర్యామ్, పోర్టులు ఈపాటికి నాలుగు చానళ్లలో చూసేసి ఉంటారు. నేను మాట్లాడేది దీని అట్టపెట్టె మీదున్న రెండు మాటల గురించి: ఫ్రీ డాస్. అంటే లోపల విండోస్ లేదు, మీదేదో మీరే తెచ్చుకోండి అని.

నా దగ్గరుంది. 2017లో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్‌లో విండోస్ 10 ప్రో. పదివేలు దాటి పెట్టి బాక్స్ కొన్నానని మా బావ చాలా రోజులు నవ్వాడు. "ఐదొందలకి కీ దొరుకుతుంటే నీకేమైనా పిచ్చా?" అన్నాడు. కీ అంటే విండోస్‌ని యాక్టివేట్ చేసే కోడ్ లెండి. ఆయన ఐదొందల కీ ఏడాది తిరక్కుండానే పనిచేయడం మానేసింది. అమ్మినవాడి నంబర్ కూడా. నేను నవ్వలేదు. సరే, కొంచెం నవ్వాను.

ఆ డెస్క్‌టాప్‌లో ఉన్నది ఏడో తరం ఐ5. విండోస్ 11 దాన్ని గుమ్మం ఎక్కనివ్వదు. విండోస్ 10కేమో 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది. అందుకని లైసెన్స్‌ని ఇటు మార్చేద్దాం అనుకున్నా. 10 కీ 11కి కూడా పనిచేస్తుంది, ఆ టెన్షన్ లేదు.

అయితే మీ లైసెన్స్ అసలు మారే రకమా కాదా, ముందు అది చూసుకోండి. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మిన్‌గా తెరిచి, ఎస్ఎల్ఎంజీఆర్, స్పేస్, స్లాష్, డీఎల్ఐ. స్క్రీన్ మీద వేస్తున్నా, అలాగే కొట్టండి. చిన్న బాక్స్ వస్తుంది. అందులో రిటైల్, అంటే విడిగా కొన్నది, అని ఉంటే మీరు అదృష్టవంతులు, వేరే కంప్యూటర్‌కి మార్చుకోవచ్చు. ఓఈఎమ్, అంటే కంప్యూటర్‌తోనే కట్టేసి ఇచ్చింది, అని ఉంటే వీడియో ఇక్కడితో ఆపేసి టీ తాగండి. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చే విండోస్ దాదాపు అంతా ఈ రకమే. విండోస్ 8 రోజుల నుంచి ఆ కీని మదర్‌బోర్డ్ చిప్‌లోనే రాసి పంపుతున్నారు. కర్ణుడి కవచం లాంటిది, పుట్టుకతోనే వస్తుంది. కాకపోతే కర్ణుడు అడిగితే కోసి ఇచ్చాడు, ఇది కోసినా రాదు. బావ చచ్చిపోయిన ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి "దీన్లో విండోస్ తీసి నా కొత్తదాన్లో వెయ్యి" అంటే ఈ పురాణమంతా చెప్పాల్సి వచ్చింది.

నాది రిటైల్. కాబట్టి ముందు సులువైన దారిలో వెళ్లా. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి లైసెన్స్ కలిపి ఉంటే, కొత్తదాన్లో అదే ఎడిషన్ వేసి, సెట్టింగ్స్‌లో యాక్టివేషన్‌కి వెళ్లి, ట్రబుల్‌షూట్ నొక్కి, "ఈమధ్య హార్డ్‌వేర్ మార్చాను" అని చెప్పాలి. మీ పాత కంప్యూటర్ల లిస్ట్ వస్తుంది. ఒళ్లు మండింది ఇక్కడే. నా లిస్ట్‌లో ఐదున్నాయి. ఐదింటి పేరూ డెస్క్‌టాప్, గీత, ఆ పక్కన ఏడు పిచ్చి అక్షరాలు. ఏది సీటీసీది, ఏది ఆఫీసుది, ఏది మా చెల్లి పెళ్లికి ముందు వాడింది? దేవుడికే తెలియాలి. పైగా అందులో పాతదాన్ని ఎంచుకుని, "నేను ఇప్పుడు వాడుతున్నది ఇదే" అని టిక్ పెట్టాలట! అది కాదని నాకూ, మైక్రోసాఫ్ట్‌కీ ఇద్దరికీ తెలుసు కదండీ. రెండుసార్లు తప్పుదాన్ని నొక్కి, రెండుసార్లు ఎర్రర్ తిని వదిలేశా. మీరు మాత్రం ఇవాళే మీ కంప్యూటర్‌కి ఒక మనిషి పెట్టే పేరు పెట్టుకోండి.

అప్పుడు అమ్మకి ఫోన్ చేశా. విండోస్ బాక్స్ బీరువాలో ఎల్ఐసీ బాండ్ల కింద దాచింది. కార్డు ఫోటో పంపింది. ఇరవై ఐదు అక్షరాలు, ఐదేసి చొప్పున. ఈ కీల్లో సున్నా ఉండదు, ఓ ఉండదు. ఒకటి, ఐ కూడా ఉండవు. మనం తికమకపడకూడదని తీసేశారు, బాగుంది. మరి బి, 8 రెండూ ఎందుకు ఉంచారయ్యా? కార్డు మీద గీత పడ్డ చోట మూడో గుంపులో అది బీనా, ఎనిమిదా అని పావుగంట చూశా.

కీ దొరికాక పాతదాన్లో అదే ఎస్ఎల్ఎంజీఆర్ పక్కన ఈసారి స్లాష్ యూపీకే కొట్టా. కీ తీసేశాం అని బాక్స్ వచ్చింది. ఆ తర్వాత స్లాష్ సీపీకేవై, రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగ్స్ రాసుకునే చోట, మిగిలింది కూడా తుడిచేయడానికి. చాలామంది యూపీకే కొడితే మైక్రోసాఫ్ట్ సర్వర్‌కి కబురు వెళ్తుందనుకుంటారు. వెళ్లదు. ఇది ఇంటి తాళం తీసి జేబులో వేసుకోవడమే, ఓనర్‌కి చెప్పడం కాదు. కానీ లైసెన్స్ నిబంధన ప్రకారం పాతదాన్లోంచి తీసేయాలి, అందుకే తీశా. ఇక కొత్తదాన్లో స్లాష్ ఐపీకే, పక్కన కీ. ఎనిమిది పెడితే తప్పంది. బి పెడితే తీసుకుంది. స్లాష్ ఏటీఓ కొట్టా, యాక్టివేట్ అయిపోయింది!

ఇంత త్వరగా అవుతుందనుకోలేదు. 2019లో మదర్‌బోర్డ్ కాలిపోయినప్పుడు ఇదే కీకి ఫోన్ యాక్టివేషన్ చేయాల్సి వచ్చింది. తొమ్మిది గడులు, గడికి ఏడు అంకెలు, మొత్తం అరవై మూడు. నాన్న కళ్లజోడు పైకెత్తి స్క్రీన్ చూసి చదువుతుంటే నేను ఫోన్‌లో నొక్కా. ఆరో గడిలో ఆయనకి తుమ్ము వచ్చింది. మళ్లీ మొదటి నుంచి. ఆ తర్వాత అవతలి నుంచి నలభై ఎనిమిది అంకెలు చెప్పారు, అవి మనం రాసుకోవాల్సి వచ్చింది.

ఇంతకీ మినీ పీసీ ఎలా ఉంది? ఫ్యాన్ చప్పుడు లేదు, పని బాగానే చేస్తోంది. రిటైల్ కీ చేతిలో ఉంటే కొనండి. లేకపోతే విండోస్ ఖర్చు కలిపి లెక్క వేసుకోండి, చవక అన్న మాట నోట్లోంచి రాదు. నేను మాత్రం ఇందులో మార్కులు వేసేది ఆ కార్డుకే. పాత డెస్క్‌టాప్‌లో విండోస్ బదులు ఫ్రీగా దొరికే లినక్స్ మింట్ వేసి నాన్నకి ఇచ్చేశా, యూట్యూబ్‌లో ప్రవచనాలు వింటున్నారు. కార్డు మళ్లీ బాండ్ల కిందికే వెళ్లింది, మూడో గుంపులో బి కింద స్కెచ్ పెన్‌తో గీత గీసి మరీ.