గ్లోబల్ ఫారెస్ట్ వాచ్ రివ్యూ: ఆ పచ్చరంగుని నమ్మకండి

అందరికీ నమస్కారమండీ. ఇవాళ మనం చూసేది గ్లోబల్ ఫారెస్ట్ వాచ్. ప్రపంచంలో అడవి ఎక్కడ, ఎప్పుడు పోతోందో చూపించే ఆన్‌లైన్ మ్యాప్, 2014లో వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్ తెచ్చింది. పూర్తిగా ఉచితం, కాబట్టి స్పాన్సర్‌షిప్ గొడవే లేదు. ఫీచర్ల చిట్టా చదవను, నేరుగా బ్రెజిల్ వెళ్లిపోదాం.

సెర్చ్‌లో రొండోనియా కొట్టండి, అమెజాన్ అడవిలో ఉన్న రాష్ట్రం అది. ట్రీ కవర్ లాస్ లేయర్ ఆన్ చేసి, టైమ్‌లైన్‌ని 2001కి లాగి ప్లే నొక్కండి. బీఆర్-364 హైవే, దానికి అటూ ఇటూ చేపముళ్లలా చీలిన రోడ్లు, వాటి కొసల దగ్గర ఏటేటా పాకే గులాబీ రంగు, అంటే చెట్లు పోయిన చోటు. ఒక్కో చుక్క 30 మీటర్ల చదరం, అంటే మన లెక్కలో 22 సెంట్లు. హైవే పక్కనే గులాబీ తక్కువుంది కదా అని అక్కడ అడవి మిగిలిందనుకోకండి. అక్కడ చాలావరకు 1980ల్లోనే కొట్టేశారు, ఈ మ్యాప్ లెక్క మొదలయ్యేదే 2001 నుంచి.

ఆ చుక్కలో నేల మీద ఏం జరుగుతుందంటే, అక్కడి ఎండాకాలం మొదట్లో చెట్లు కొట్టి, ఆరబెట్టి, ఆగస్టు, సెప్టెంబరుల్లో తగలబెడతారు. పశువుల కోసం బ్రాకియేరియా గడ్డి చల్లుతారు. అక్కడి నేలలో సొంత సారం తక్కువ, ఉన్నదంతా చెట్లలోనే. బూడిద వల్ల కొన్నేళ్లు గడ్డి బాగానే వస్తుంది. తర్వాత భాస్వరం ఇనుము, అల్యూమినియంలతో కలిసి వేళ్లకి అందకుండా బిగుసుకుపోతుంది. పశువులు తొక్కి తొక్కి నేల గట్టిపడుతుంది, వాన ఇంకకుండా జారిపోతుంది. అడవి వేళ్లు 8 మీటర్ల లోతు దాటి కూడా నీళ్లు తోడి ఎండాకాలంలోనూ ఆవిరి వదులుతాయి, గడ్డి వేళ్లకి ఆ లోతు అందదు. అమెజాన్ వానలో పెద్ద వాటా ఆ ఆవిరిదే. టైమ్‌లైన్‌లో ఇదేదీ కనపడదు, కానీ ఎక్కడ వెతకాలో చూపించడంలో దీన్ని మించింది నేను చూడలేదు.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే సంగతి. మ్యాప్‌లో చెట్లున్న చోట పడే ఆ పచ్చరంగు! 5 మీటర్లు దాటిన చెట్టు ఏదైనా దీనికి ట్రీ కవరే. ఆ నిర్వచనం ప్రకారం మన కోనసీమ కొబ్బరితోట, సుమత్రా పామాయిల్ తోట, అసలైన అడవి అన్నీ ఒకటే. 1990ల్లో అడవి కొట్టి కాగితం కోసం అకేషియా వేశారనుకోండి, ఆ తోట నరికినప్పుడు గులాబీ పడుతుంది. పైగా ఒక చుక్కకి ఒక్కసారే నష్టం రాస్తుంది, రెండోసారి నరికితే లెక్కలో లేదు. అందుకే డ్యాష్‌బోర్డ్‌లో సెట్టింగ్స్ గుర్తు నొక్కి ప్రైమరీ ఫారెస్ట్, అంటే సహజంగా పెరిగిన పాత అడవి, ఎంచుకోండి. అది డిఫాల్ట్‌గా ఎందుకు పెట్టరో దేవుడికే తెలియాలి. 2024లో ఉష్ణమండల ప్రైమరీ ఫారెస్ట్ 67 లక్షల హెక్టార్లు పోయిందన్న లెక్క ఆ వడపోత తర్వాతదే, అందులో దాదాపు సగం మంటల వల్ల.

ఇంకోటి, పీట్ లేయర్ విడిగా ఆన్ చేయాలి. పీట్ అంటే నీళ్లలో నానుతూ పూర్తిగా కుళ్లని ఆకులు, వేళ్లు పేరుకున్న నేల. మనకి పామాయిల్ ఎక్కువగా వచ్చేది ఇండోనేషియా, మలేషియాల నుంచి. అక్కడి పీట్ నేలల్లో తోట వేయాలంటే ముందు కాలువలు తవ్వి నీటిమట్టం దించుతారు. ఎండిన పీట్‌కి గాలి తగిలి ఏళ్ల తరబడి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, నేల కుంగుతుంది, నిప్పు పడితే మంట లోపల్లోపలే పాకుతుంది. మామూలు నేల మీద చెట్టు కొట్టినా, పీట్ మీద కొట్టినా మ్యాప్‌లో పడేది అదే గులాబీ చుక్క.

కొత్తగా చెట్లు పోతే వచ్చే అలర్ట్స్ మాత్రం సూపర్. రాడార్‌తో వచ్చే రాడ్ అలర్ట్ మబ్బుల్లోంచి కూడా 10 మీటర్ల చుక్కలతో చూపిస్తుంది. ముంపు నేలల్లో నీళ్లు పెరిగితే తప్పుడు అలర్ట్ రావచ్చు, అందుకని హై కాన్ఫిడెన్స్‌వే పెట్టుకోండి.

నా తీర్పు: హై కాన్ఫిడెన్స్ అలర్ట్స్‌కి కళ్లు మూసుకుని వాడండి. ఏడాదికేడాది పోల్చడానికి వద్దు, ఎందుకంటే మధ్యలో గుర్తించే పద్ధతి మెరుగుపడింది, పాత ఏళ్ల నష్టం తక్కువగా కనిపించవచ్చు. బ్రెజిల్‌కైతే వాళ్ల అంతరిక్ష పరిశోధన సంస్థ ఇన్పే ఏటా అమెజాన్‌లో కొట్టేసిన అడవిని కొలిచే ప్రోడెస్ లెక్క చూడండి. 6.25 హెక్టార్లకంటే చిన్న ముక్కలు అందులో రావు, కానీ 1988 నుంచి వరుస తెగలేదు. ఆ లెక్కలో పోయిన అడవి 2004లో సుమారు 27,800 చదరపు కిలోమీటర్లు, 2012లో 4,600లోపు. లింక్ కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను.