మేఘంలో కళ్లగంతలు: ఇంటి సిమ్యులేటర్ ఎంతవరకు నిజం?

"ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ ప్రాక్టీస్ చేయాలి, ఏ గ్రాఫిక్స్ కార్డు కొనమంటారు?" ఇంట్లో కంప్యూటర్ సిమ్యులేటర్ మీద, బయటికి చూడకుండా ఇన్‌స్ట్రుమెంట్లు (ముందున్న మీటర్లు) మాత్రమే చూస్తూ విమానం నడపడం నేర్చుకునేవాళ్లు అడిగే ఈ ప్రశ్న వింటే నాకు నిజంగా చిరాకేస్తుంది. మేఘంలోకి వెళ్లాక కిటికీలో కనిపించేది తెల్లటి పొగే. దానికి అంత ఖరీదైన కార్డు ఎందుకు?

1929లో అమెరికాలో ఎడ్ లింక్ తయారుచేసిన ట్రైనర్‌లో (పైలట్లకు శిక్షణ ఇచ్చే యంత్రంలో) బయటి దృశ్యం చూపే బొమ్మే లేదు. వాళ్ల నాన్నది ఆర్గాన్లు, పియానోలు చేసే ఫ్యాక్టరీ. ఆ వాద్యాల్లో వాడే గాలితిత్తులతోనే ఒక పెట్టెను అటూ ఇటూ కదిలించాడు. మూత వేస్తే లోపల ఇన్‌స్ట్రుమెంట్లు తప్ప ఏమీ కనిపించవు. 1934లో తపాలా మోసే పని మీద పడిన అమెరికా సైన్యం, చెడు వాతావరణంలో పైలట్లను పోగొట్టుకున్నాక, ఆ పెట్టెలే ఆరు కొంది.

మరి ఇంటి సిమ్యులేటర్‌లో లోటు ఎక్కడ? కళ్లగంతలాట గుర్తుందా? గంతలు కట్టి ఊరుకోరు, గిరగిరా తిప్పి వదులుతారు. మేఘం ఆ రెండు పనులూ చేస్తుంది. మన లోపలి చెవిలో సన్నటి గొట్టాలు, వాటిలో ద్రవం ఉంటాయి. మలుపు ఒకే వేగంతో ఇరవై సెకన్లు సాగితే ఆ ద్రవం కూడా గొట్టంతో పాటే తిరుగుతుంది, దాంతో మనం తిన్నగా పోతున్నట్టే ఉంటుంది. రెక్కలు సమం చేయగానే రెండో వైపు తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. ఒంటి మాట విని మళ్లీ పాత వైపుకే వంచారా, సుళ్లు తిరుగుతూ నేలకి దిగడమే.

ఇంట్లో సిమ్యులేటర్ గంతలు కడుతుంది, గిరగిరా తిప్పదు. కుర్చీలో కూర్చుంటే చెవి అబద్ధం చెప్పదు కదా! ఎయిర్‌లైన్లు వాడే ఫుల్ మోషన్ సిమ్యులేటర్ కూడా కుదుపు ఇస్తుంది గానీ, నిమిషం పాటు సాగే మలుపును ఒంటికి ఇవ్వలేదు.

అయినా అదే ఆటలో, ఇల్లు బాగా తెలిసిన పిల్లాడు గంతలతోనే అందరినీ పట్టేస్తాడు. గడప ఎన్ని అడుగుల్లో ఉందో వాడికి తెలుసు. సిమ్యులేటర్ నేర్పేది అదే: ఏ ఇన్‌స్ట్రుమెంట్ తర్వాత ఏది చూడాలి, సెకనుకు 3 డిగ్రీల మలుపు, హోల్డింగ్‌లోకి (వంతు వచ్చేదాకా గాల్లో ఒకేచోట చుట్లు కొట్టే దారిలోకి) ఎలా వెళ్లాలి. తప్పు చేస్తే పాజ్ నొక్కి ఆలోచించుకోవచ్చు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కి (ఇలా నడపడానికి పైలట్‌కి ఇచ్చే అర్హతకి) కావలసిన 40 గంటల్లో, ఆమోదం ఉన్న అడ్వాన్స్‌డ్ ట్రైనర్ మీద ఇన్‌స్ట్రక్టర్‌తో చేసిన 20 గంటల దాకా అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ లెక్కలోకి తీసుకుంటుంది. ఇంట్లో గేమ్ సెటప్‌కి అది వర్తించదు.

టైమ్ అయిపోతోంది, గబగబా రెండు విషయాలు. ఒకటి, ట్రిమ్, అంటే యోక్‌ని (విమానం స్టీరింగుని) పట్టి ఉంచే శ్రమ తగ్గించే చక్రం. నిజం విమానంలో చేతికి తగిలే బరువు ట్రిమ్ తిప్పితే పోతుంది. ఇంట్లో వాడే స్ప్రింగ్ యోక్‌లో పోదు, కాబట్టి ట్రిమ్ తిప్పుతూనే యోక్‌ని మెల్లగా మధ్యకు వదలాలి. ఎత్తు నిలవకపోతే మీ చేతిని తప్పుపట్టకండి.

రెండోది, వాక్యూమ్ పంప్ ఫెయిల్యూర్, అంటే కొన్ని ఇన్‌స్ట్రుమెంట్లను గాలి లాగి నడిపే పంపు చెడిపోవడం. విమానంలో ప్రాక్టీస్ కోసం ఇన్‌స్ట్రక్టర్ ఆటిట్యూడ్ ఇండికేటర్ (విమానం ఎటు వాలిందో చూపే మీటరు) మీద మూత అంటిస్తారు, ఫెయిలైందని వెంటనే తెలిసిపోతుంది. సిమ్యులేటర్‌లో అది మెల్లగా వాలుతూ మోసం చేస్తుంది, నిజంగా జరిగేదీ అలాగే. ఆ ఫెయిల్యూర్ ఎప్పుడొస్తుందో మీకే తెలియకుండా ర్యాండమ్‌గా పెట్టుకోండి. మేఘాల కింది అంచు 200 అడుగులకు పెట్టి, ఇవాళే ఒక ఐఎల్ఎస్ అప్రోచ్ (రేడియో సంకేతాలను పట్టుకుని రన్‌వే వైపు దిగడం) చేసి చూడండి.